చలికాలానికి కట్టెలు: మెత్తవి ఎప్పుడు, గట్టివి ఎప్పుడు?

డిసెంబర్ వచ్చిందంటే అచ్చంపేట, దేవరకొండ పల్లెల్లో తెల్లవారకముందే వాకిట్లో పొయ్యి వెలుగుతుంది. స్నానానికి నీళ్లు కాగాలి, ముసలివాళ్లు కాస్త వెచ్చగా కూర్చోవాలి. కట్టె సరైనది కాకపోతే వేడికన్నా పొగే ఎక్కువ.

ముందు కట్టెను గుర్తుపట్టండి. బూరుగ, మునగ మెత్తవి, తేలికైనవి. తొందరగా అంటుకుంటాయి, తొందరగా బూడిదవుతాయి. తుమ్మ, చింత, చెరువు శిఖం భూముల్లో కంపలా పెరిగే సర్కారు తుమ్మ గట్టివి. ఆలస్యంగా అంటుకున్నా నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. (వృక్షశాస్త్రంలో లెక్క వేరు. పైన్ లాంటి సూదాకుల చెట్లవే మెత్త కలప, కాబట్టి ఆ లెక్కన మునగ కూడా గట్టి కలపే! పొయ్యికి మాత్రం బరువే ముఖ్యం.)

కొనేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. బాగా ఎండితే ఏ కట్టైనా కిలోకు ఇచ్చే వేడి దాదాపు సమానమే. ట్రాలీ లెక్కన కొంటే గట్టి కట్టె లాభం, ఎందుకంటే అంతే జాగాలో ఎక్కువ బరువు పడుతుంది. తూకానికి కొంటే ఎండిందా లేదా అన్నదే చూడాలి. పచ్చి కట్టెలో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. అంటే పది కిలోల్లో ఐదు లీటర్లు! అవి ఆవిరయ్యేదాకా మంట వేడి వాటికే పోతుంది. రెండు కట్టెలను ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. ఎండిన కట్టె కొసల్లో పగుళ్లు కూడా ఉంటాయి.

సొంతంగా కొట్టుకునేవాళ్లు ఎండలు ముదరకముందే కొట్టి, మణికట్టు లావున చీల్చాలి. చీల్చిన చోటు నుంచే తేమ బాగా పోతుంది. కింద రాళ్లు పరిచి, గాలి ఆడేలా పేర్చండి. మన నల్లగొండ ఎండ ఆ పని చేసిపెడుతుంది. వానలకు ముందు రేకుల కిందికి మార్చండి.

వెలిగించేటప్పుడు అడుగున కంది కట్టె గానీ పత్తి కట్టె గానీ వేయండి. దానిమీద మెత్తటి కట్టె అడ్డదిడ్డంగా, గాలి పోయేలా పెట్టండి. మంట బాగా లేచాకే తుమ్మ మొద్దులు వేయాలి, అదీ రెండు మూడు దగ్గరదగ్గరగా. ఒంటరి మొద్దు ఆరిపోతుంది, పక్కదాని వేడి ఉంటేనే నిలబడుతుంది.

రంగు వేసిన చెక్కలు, గన్నేరు కొమ్మలు పొయ్యిలో వేయొద్దు. వాటి పొగ విషం.

ఇక అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టే విషయం, నిప్పుల కుంపటిని పడకగదిలోకి తేవడం. పాత పెంకుటిళ్లలో సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పటి స్లాబు ఇళ్లలో తలుపులు, కిటికీలు మూస్తే గాలి రాదు. పొగ లేని బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. నిప్పులు వాకిట్లోనే ఉంచి, వాటిమీద నీళ్లు వేడిచేసి, రబ్బరు సంచిలో పోసి, బట్ట చుట్టి అవ్వ కాళ్ల దగ్గర దుప్పట్లో పెట్టండి.

పొద్దున బూడిద ఎత్తి వెంటనే గడ్డివాము దగ్గర పారబోయొద్దు. తుమ్మ నిప్పు బూడిద కింద చాలాసేపు బతికే ఉంటుంది. ఇనుప బొచ్చెలో ఒక రోజు ఉంచి, చేయి పెట్టకుండా నీళ్లు చల్లి, అప్పుడు దిబ్బలో వేయండి.