మేక మెడ రక్తనాళంతో టిష్యూ ఇంజనీరింగ్ ప్రాజెక్టు: కడిగే పద్ధతి

టిష్యూ ఇంజనీరింగ్ (శరీర భాగాలకు బదులు వేసే కణజాలాన్ని ల్యాబులో తయారుచేయడం) ప్రాజెక్టు అనగానే లక్షల సామాను కావాలని టెన్షన్ పడతారు గానీ, మొదటి మెట్టుకు, అంటే రక్తనాళంలోని కణాలన్నీ కడిగేసి ఉత్త కొల్లాజెన్ (కణాల చుట్టూ ఉండే గట్టి ప్రొటీన్) గొట్టాన్ని మిగుల్చుకోవడానికి, కాలేజీ ల్యాబు చాలు. ఆ గొట్టం మీదే తర్వాత కొత్త కణాలు వేస్తాం.

ఎందుకీ తిప్పలంటే, పాడైన రక్తనాళానికి బదులు వేసే డాక్రాన్, పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ గొట్టాలు 6 మిల్లీమీటర్ల కన్నా సన్ననివైతే, వాటిలో రక్తం గడ్డకట్టి త్వరగా మూసుకుపోతాయి. కాలి సిర తీసి వేద్దామంటే అది అందరికీ బాగుండదు. 2024 డిసెంబరులో అమెరికాలో చేతులు, కాళ్ల గాయాలకు అనుమతి వచ్చిన సింవెస్ అనే కృత్రిమ రక్తనాళం కూడా ఇలా కణాలు తీసేసిన గొట్టమే, కాకపోతే దాన్ని మనిషి కణాలతో పెంచుతారు. మనది నేర్చుకోవడానికే.

తిరుపతిలో పొద్దున్నే మటన్ కొట్టుకు పోండి. మనకు కావాల్సింది మెడలోని కెరోటిడ్ ధమని, కానీ అక్కడ ఆ పేరు చెబితే అర్థం కాదు. "అన్నా, ఊపిరి గొట్టానికి అటూ ఇటూ తెల్లగా నరాలుంటాయి కదా, కోసిన చోటికి కింద, గుండె వైపుది కావాల" అనండి. నవ్వుతాడు, ఇస్తాడు. చల్లటి సెలైన్‌లో వేసి, ఐస్ మధ్య పెట్టి తెచ్చుకోండి. మన మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేస్తే ఇక పనికిరాదు.

కొవ్వు తీసేసి, కణాల్ని కరిగించే డిటర్జెంటు అయిన 1 శాతం ఎస్‌డీఎస్‌లో (100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌కు 1 గ్రాము) షేకర్ మీద ఒకటి రెండు రోజులు ఉంచండి, 12 గంటలకోసారి ద్రావణం మార్చండి. పొడి తూచేటప్పుడు మాస్కు తప్పదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, చల్లబడితే ఎస్‌డీఎస్ తెల్లగా పేరుకుంటుంది.

అసలు పని కడగడంలోనే ఉంది. మొదటిసారి నేను ఒక్క రోజు కడిగి ఊరుకున్నా, దాని మీద వేసిన కొత్త కణాలన్నీ తెల్లారేసరికి చచ్చిపోయాయి. కణాల్ని తీసేసే ఎస్‌డీఎస్ మిగిలిపోతే కొత్తవాటినీ బతకనివ్వదు మరి. ముందు డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగండి, నేరుగా పీబీఎస్ (కణాలకు సరిపడే ఉప్పు ద్రావణం) పోస్తే అందులోని పొటాషియంతో ఎస్‌డీఎస్ కలిసి తెల్లటి మడ్డి కడుతుంది. కడిగిన నీళ్లు సీసాలో పోసి గట్టిగా ఊపి చూడండి, నురగ వస్తే ఇంకా ఉన్నట్టే. నురగ ఆగాక కూడా ఇంకో రోజు కడిగి, అప్పుడు పీబీఎస్‌లో రెండు రోజులు.

చిన్న ముక్కకు హెచ్ అండ్ ఈ స్టెయిన్ (మైక్రోస్కోపులో చూసేందుకు వేసే రంగు) వేస్తే నీలం చుక్కలు, అంటే కణాల కేంద్రకాలు, కనబడకూడదు; డీఎన్‌ఏ అయితే ఎండు బరువు మిల్లీగ్రాముకు 50 నానోగ్రాముల లోపు ఉండాలి. చివరగా ఒక కొన దారంతో కట్టి సిరంజితో సెలైన్ ఎక్కించండి. పక్క కొమ్మ తెగిన చోట కారితే ముడి వేస్తే సరి. గోడ మధ్యలో కారిందా, కొవ్వు తీసేటప్పుడు కత్తెర తగిలినట్టే, రేపు పొద్దున మళ్లీ మటన్ కొట్టుకే.