మెయిన్‌ఫ్రేమ్ ఫైలు భద్రంగా, చెడకుండా చేరాలంటే

కర్నూలులో ఇంటి నుంచే రాత్రి షిఫ్టులో మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) బ్యాచ్ జాబులను, అంటే వాటంతటవే నడిచే పనులను, చూసుకునే నన్ను, కొత్తగా చేరినవారు ముందుగా అడిగేది ఫైలును బయటి సంస్థకు ఏ సాఫ్ట్‌వేర్‌తో పంపాలని. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఆ ఫైలులో ఏముందన్నది.

మెయిన్‌ఫ్రేమ్ అక్షరాలను ఎబ్సిడిక్ కోడ్‌లో, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య కేటాయించే పట్టిక ప్రకారం, దాచుకుంటుంది. అవతలి లినక్స్ యంత్రానికి తెలిసింది ఆస్కీ అనే వేరే పట్టిక. ఫైలంతా అక్షరాలే అయితే దారిలోనే మార్పిడి చేయించవచ్చు గానీ, కోబాల్ భాషలోని ప్రోగ్రాములు రాసే ప్యాక్డ్ డెసిమల్ అంకెలుంటే (బైటుకు రెండేసి అంకెలు ఇరికించే పద్ధతి) ఆ మార్పిడే ఫైలును పాడుచేస్తుంది. 12345 అనే మొత్తం హెక్సాడెసిమల్‌లో 12, 34, 5సి అనే మూడు బైట్లుగా ఉంటుంది; చివరి సి ప్లస్ గుర్తు. ఎబ్సిడిక్‌లో 5సి అంటే నక్షత్రం గుర్తు కూడా కనుక, మార్పిడి దాన్ని ఆస్కీ నక్షత్రమైన 2ఏగా చేస్తుంది. చివరి 5 కాస్తా 2 అవుతుంది, ట్రాన్స్‌ఫర్ మాత్రం సక్సెస్ అనే చెబుతుంది. అందుచేత అలాంటి ఫైలును ముందే ఒక జాబుతో మామూలు అంకెలుగా విప్పించాలి, లేదా బైనరీగా (ఏ బైటూ మార్చకుండా) పంపి అవతల కాపీబుక్ (రికార్డులో ఏ అంశం ఎక్కడుందో చెప్పే వివరణ) ప్రకారం చదివించాలి. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన జడ్‌ఓఎస్‌లో, ఫైళ్లను గుప్తంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్‌లోని ఎస్‌సీపీ కమాండు ప్రతి ఫైలునూ టెక్స్ట్‌గానే భావిస్తుంది, అందులోనే ఉన్న ఎస్‌ఎఫ్‌టీపీ కమాండు మనం చెప్పకపోతే బైనరీగా పంపుతుంది.

ఫైళ్లు పంపే పాత పద్ధతి అయిన మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా బట్టబయలుగా పోతుంది కాబట్టి ఎస్‌ఎఫ్‌టీపీ గాని, టీఎల్‌ఎస్ అనే గుప్త రక్షణతో కూడిన ఎఫ్‌టీపీఎస్ గాని వాడాలి. ఫైలు అందుకునే ప్రతి సంస్థకూ వేరే యూజర్ ఐడీ ఇచ్చి, ర్యాక్ఎఫ్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో ఎవరు ఏది చూడవచ్చో నియంత్రించే సాఫ్ట్‌వేర్) దానికి సంబంధించిన డేటాసెట్లకే, అంటే ఫైళ్లకే, అనుమతివ్వాలి.

హోస్ట్ కీ (అవతలి సర్వర్ అసలైనదేనని గుర్తించే కీ) విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. అవతలివారు సర్వర్ మార్చడంతో కీ మారి, అర్ధరాత్రి జాబు ఆగిపోయింది. ఫోన్ చేసి ఫింగర్‌ప్రింట్ (ఆ కీకి పొట్టి రూపం) సరిచూసుకోవలసింది పోయి, పని గడిచిపోవాలని ఆ తనిఖీనే ఆపేశాను. తిరిగి పెట్టడం మరిచిపోయి, అది వారాల తరబడి అలాగే ఉండిపోయింది. అంటే ఆ వారాలన్నీ తలుపుకు గడియ లేనట్టే.

మా ఊరి మార్కెట్ యార్డు నుంచి ఉల్లి లారీ కదిలేటప్పుడు బస్తాల సంఖ్య, తూకం చీటీ మీద రాసిస్తారు; దించుకునేవాడు ఆ చీటీతో సరిపోల్చుకుంటాడు. ఫైలు చివరి రికార్డులో కూడా రికార్డుల సంఖ్య, మొత్తం సొమ్ము అలాగే ఉండాలి. ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలులోని బైట్ల నుంచి లెక్కించే ముద్ర లాంటి సంఖ్య) సరిపోల్చడం మంచిదే కాని అది బైనరీ ఫైళ్లకే పనికొస్తుంది. టెక్స్ట్ మార్పిడిలో బైట్లే మారిపోతాయి. ఫైలును తాత్కాలికమైన పేరుతో పంపి, పూర్తయ్యాకే అసలు పేరు పెడితే అవతలి ప్రోగ్రాము సగం ఫైలును ఎత్తుకోదు. ఫైలు మొదటి రికార్డులో వరుస సంఖ్య కూడా ఉంచాలి. జాబును మళ్లీ నడిపినప్పుడు అదే ఫైలు రెండోసారి వెళ్తే, అవతలివారు ఆ సంఖ్య చూసి తిప్పికొట్టగలుగుతారు.