పిస్టల్ మొరాయిస్తే తప్పు సేఫ్టీదా, చేతిదా, క్యాలిబర్‌దా (తూటా సైజుదా)?

ఏది పరీక్షించాలన్నా ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీయండి, ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగండి. వరస తారుమారైతే మ్యాగజైన్‌లోని తూటా మళ్లీ ఛాంబర్‌లోకి (పేలడానికి తూటా కూర్చునే చోటు) ఎక్కి కూర్చుంటుంది. స్లైడ్‌ను వెనక్కి లాక్ చేసి, ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలితో కూడా తడమండి. ఖర్చు పెట్టి విడిభాగాలు మార్చే ముందు పట్టు మార్చి చూడండి. చాలా ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

1911 పిస్టల్: సేఫ్టీ దించినా ట్రిగ్గర్ కదలదు

బొటనవేలిని థంబ్ సేఫ్టీ మీద ఎత్తుగా ఆనించే అలవాటుంటే అరచేయి మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. దాంతో వెనకున్న గ్రిప్ సేఫ్టీ (అరచేత్తో నొక్కుకుంటేనే ట్రిగ్గర్‌ను కదలనిచ్చే మీట) పూర్తిగా నొక్కుకోదు. సన్నటి చేతులవాళ్లకు ఇది ఎక్కువ. కింది భాగంలో బుడిపె ఉన్న గ్రిప్ సేఫ్టీ బిగిస్తే సరిపోతుంది, కానీ దాన్ని ఫ్రేముకు తగ్గట్టు అరగదీసి కూర్చోబెట్టాలి కాబట్టి గన్‌స్మిత్‌కే ఇవ్వండి. టేపు చుట్టో పిన్ను కొట్టో గ్రిప్ సేఫ్టీని శాశ్వతంగా నొక్కి ఉంచేవాళ్లున్నారు. ఆ పని చేయొద్దు.

బెరెటా 92ఎఫ్ఎస్: స్లైడ్ లాగాక ట్రిగ్గర్ వదులుగా ఆడుతుంది, పేలదు

దీని సేఫ్టీ మీట స్లైడ్ మీదే ఉంటుంది. అరచేత్తో పైనుంచి స్లైడ్ పట్టి లాగితే మీట కిందికి జారి సేఫ్ అయిపోతుంది. మీట పైకి ఉన్నప్పుడు కనిపించే ఎర్ర చుక్క కనబడకపోతే జరిగింది అదే. స్లైడ్‌ను వెనక నుంచి బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని లాగండి. లాగిన ప్రతిసారీ మీటను పైకి తోయడం అలవాటు చేసుకోండి. ఇది చికాకనిపిస్తే 92జీ మేలు. అందులో మీట హ్యామర్‌ను (తూటాను పేల్చే సుత్తి) దించి తానే పైకి వచ్చేస్తుంది, సేఫ్టీగా నిలబడదు.

ఎర్ర చుక్క కనిపిస్తూ, హ్యామర్ పడి కూడా పేలకపోతే వేరే సంగతి. గొట్టాన్ని లక్ష్యం వైపే 30 సెకన్లు ఉంచండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

చివరి తూటా అయ్యాక స్లైడ్ వెనక్కి ఆగదు

బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను వెనక ఆపే మీట) మీద పడుతోందేమో చూసుకోండి. మ్యాగజైన్‌లో ఒక్క తూటా పెట్టి, వేలు దూరంగా ఉంచి కాల్చండి. స్లైడ్ ఆగితే తప్పు వేలిదే. ఆగకపోతే మరో మ్యాగజైన్‌తో చూడండి, అప్పుడు ఆగితే మొదటిదాని స్ప్రింగు నీరసించినట్టే.

ఖాళీ కేసు (పేలిన తూటా తొడుగు) స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటుంది

చిన్న, తేలిక 9 ఎంఎం పిస్టళ్లలో మణికట్టు వదులైతే ఫ్రేము కూడా వెనక్కి పోతుంది, స్లైడ్ పూర్తి దూరం వెళ్లదు. అదే పిస్టల్‌ను, అవే తూటాలతో గట్టి పట్టున్నవారికిచ్చి కాల్పించండి. వాళ్ల చేతిలోనూ ఇరుక్కుంటే 115 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) బలహీనమైన ప్రాక్టీసు తూటాల బదులు 124 గ్రెయిన్లవి వాడి చూడండి. అదీ కుదరకపోతే అనుమానం ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును బయటికి లాగే కొక్కెం) మీదికి వెళ్లాలి.

తన్ను (కాల్చినప్పుడు చేతికి తగిలే దెబ్బ) తక్కువని .380 కొంటే చెయ్యి నొప్పెడుతోంది

కారణం క్యాలిబర్ కాదు, యంత్రం. వాల్తర్ పీపీకే వంటివి బ్లోబ్యాక్ పద్ధతివి. బ్యారెల్‌కు లాకింగ్ (కాల్చిన క్షణంలో స్లైడ్‌తో కలిపి పట్టి ఉంచే ఏర్పాటు) ఉండదు, కాల్చినప్పుడు స్లైడ్ బరువు, స్ప్రింగు బిగువే ఒత్తిడిని ఆపాలి. అందుకే స్లైడ్ లాగడమూ కష్టం, తన్నూ చురుగ్గా తగులుతుంది. గరిష్ఠ ఒత్తిడి .380కి 21,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 9 ఎంఎంకు 35,000. అయినా లాకింగ్ ఉన్న పూర్తి సైజు 9 ఎంఎం చేతికి మెత్తగా అనిపిస్తుంది. వేళ్లలో బలం తక్కువైతే 2018లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ .380 చూడండి. లాకింగ్ ఉంది, స్లైడ్ సులువుగా కదులుతుంది. దానికీ గ్రిప్ సేఫ్టీ ఉంది కాబట్టి పైన 1911కు చెప్పిన పట్టు జాగ్రత్తే దీనికీ.

.32 పిస్టల్: స్లైడ్ ఎన్నిసార్లు లాగినా తూటా ఎక్కదు

మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోరు (మామూలు లైసెన్సుకు దొరకని క్యాలిబర్), మామూలు లైసెన్సుదారు చేతికొచ్చేది ఎక్కువగా .32. ఈ తూటా అడుగు అంచు కొద్దిగా బయటికి పొడుచుకుని ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారితే రెండూ మెలిక పడతాయి. దీన్నే రిమ్‌లాక్ అంటారు. పొట్టిగా, కొన గుల్లగా ఉండే హాలో పాయింట్ తూటాలకు మ్యాగజైన్‌లో ముందూ వెనకా కదిలే చోటు దొరుకుతుంది కాబట్టి వాటితో ఎక్కువ. ఇలా ఇరుక్కున్నప్పుడు స్లైడ్ గుంజి లాభం లేదు. మ్యాగజైన్ బయటికి తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, కింది తూటాను సన్నటి పుల్లతో అదిమి పట్టి పైదాన్ని ముందుకు జార్చండి. మళ్లీ నింపేటప్పుడు 71 గ్రెయిన్ల ఫుల్ మెటల్ జాకెట్ (గుండుకు లోహపు తొడుగున్న) తూటాలు వాడి, ప్రతి తూటా అంచు దాని కిందిదాని అంచుకు ముందు ఉండేలా పెట్టండి.