ఆటిజం ఉన్న పిల్లల కోసం బడి సిబ్బందికి శిక్షణ ఇచ్చే విధానం

ఆటిజం ఉన్న బిడ్డ బాధ్యతను తరగతి టీచరు ఒక్కరికే వదిలేయకూడదు. ఆ బిడ్డకు రోజూ ఎదురయ్యే ఆయా, వంట చేసేవారు, పీఈటీ, ఆటో డ్రైవరు కూడా శిక్షణలో కూర్చోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. తోటి పిల్లలతో కలిసి చదువుకునే ఏర్పాట్లు బడే చేయాలని కూడా చెప్పింది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని బడులు ముందుగా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులను సంప్రదించడం మంచిది.

బిడ్డకు ఏ శబ్దం, ఏ వాసన, ఏ స్పర్శ గిట్టదో, ఏది ఊరటనిస్తుందో తల్లిదండ్రులను అడిగి ఒక పేజీలో రాసుకుని, వారి అనుమతితో సిబ్బంది అందరికీ ఇవ్వండి.

శిక్షణలో ఉపన్యాసం తగ్గించి అభ్యాసం చేయించండి. భోజనం గంట మోగగానే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరిన బిడ్డను నలుగురూ చుట్టుముట్టి "ఏమైంది, లే, బయటికి రా" అంటే భయం ఇంకా పెరుగుతుంది. ఒక్కరే కాస్త దూరంలో కూర్చుని, గొంతు తగ్గించి, "గంట ఆగిపోయింది" అని ఒక్క మాట చెప్పి, జవాబు కోసం తొందరపెట్టకుండా వేచి ఉండాలి. మిగిలినవారు తక్కిన పిల్లలను భోజనానికి తీసుకెళ్లాలి. ఒకరు బిడ్డగా, మిగిలినవారు సిబ్బందిగా నటిస్తూ, వంతులవారీగా దీన్ని అందరి చేతా చేయించండి. కళ్లలోకి చూడమని బలవంతపెట్టడం మాత్రం ఎవరూ చేయకూడదు; నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే.

ప్రార్థన, పాఠం, భోజనం, ఆట, ఇల్లు అనే క్రమాన్ని బొమ్మలతో గోడకు అంటించాలి. కాణిపాకంలో వినాయక చవితి నుంచి 21 రోజులు జరిగే బ్రహ్మోత్సవాల వంటి రోజుల్లో వేళలు మారితే, ముందురోజే బిడ్డ చేతనే బొమ్మ మార్పించండి.