పలాస జీడిపప్పు మొదటిసారి విదేశానికి పంపుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

కొత్త పిక్కలు బట్టీలకు చేరే రోజులివి. పలాస, కాశీబుగ్గ నుంచి నేరుగా ఎగుమతి చేయాలనుకునే చిన్న వ్యాపారులు సరుకు కదలకముందే చూసుకోవాల్సినవి:

అప్పు మీద పంపుతుంటే ముందే ఈసీజీసీ బీమా తీసుకోండి. కొనేవాడు దివాలా తీస్తే కంటైనర్ మొత్తం మునిగినట్టే. ఎగుమతిదారుల కోసం కేంద్ర ప్రభుత్వం 1957లో పెట్టిన సంస్థ ఇది. పాలసీ ఉంటే చాలదు, ఆ కొనుగోలుదారు పేరు మీద క్రెడిట్ లిమిట్ (ఎంత బాకీ దాకా బీమా వర్తిస్తుందో ఆ పరిమితి) కూడా మంజూరు చేయించుకోవాలి. నష్టం మొత్తం ఇవ్వరు, కొంత వాటా మనదే. అయినా ప్రీమియం దగ్గర వెనకాడొద్దని నా గట్టి మాట.

రోడ్‌టెప్ కావాలని షిప్పింగ్ బిల్లులోనే (ఎగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం) చెప్పాలి. సరుకుపై పడి, వేరే దారిలో తిరిగిరాని పన్నులకు ప్రభుత్వం ఇచ్చేది ఇదే. ఏజెంట్ 'వద్దు' అని నింపేస్తే ఆ డబ్బు పోయినట్టే. దాఖలు చేసేముందు మీరే చదవండి.

ఐఈసీ (ఎగుమతి, దిగుమతులు చేసేవాళ్లకు ఇచ్చే కోడ్ నంబర్) వివరాలు ఏటా ఏప్రిల్–జూన్ మధ్య అప్‌డేట్ చేయాలి, మార్పేమీ లేకపోయినా సరే. లేకపోతే నంబర్ ఆగిపోతుంది, సరుకు పోర్టులో ఇరుక్కుంటుంది.

జీఎస్టీ ఎల్‌యూటీ (పన్ను ముందే కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) పాత ఆర్థిక సంవత్సరానిది చెల్లదు.

బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చూసే మీ బ్యాంకు శాఖ కోడ్) విశాఖ పోర్టుకు నమోదైందా? వేరే పోర్టుకు చేసింది ఇక్కడ పనికిరాదు.

దుబాయ్‌కి పంపేవాళ్లు ఆరిజిన్ సర్టిఫికెట్ (సరుకు ఏ దేశానిదో చూపే పత్రం) గురించి అడగండి. 2022 మే 1 నుంచి యూఏఈతో వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది. సుంకం రాయితీ ఉన్న సరుకుకైనా ఆ కాగితం లేకపోతే వర్తించదు.