దోమతెర కట్టినా మలేరియా వస్తోందా? ముందు దండెం వైపు చూడండి

"ప్రతి మంచానికీ తెర ఉంది, రోజూ కట్టుకుంటున్నాం, అయినా వానలు పడగానే ఇంట్లో ఇద్దరికి చలిజ్వరం." పల్లెల్లో నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. వెంటనే తెర మంచిది కాదని తేల్చేస్తారు. దయచేసి ఆ మాట అనేముందు రాత్రి 9 గంటలకు టార్చి పట్టుకుని ఒక్కసారి చూడండి. తెర అంచు పరుపు కిందికో చాప కిందికో దోపారా? నిద్రలో పిల్లవాడి మోకాలు తెరకు ఆనుకుని ఉందా? చాలా ఇళ్ళలో లోపం అక్కడే దొరుకుతుంది. చిరుగు కనిపిస్తే తెల్లారగానే సూదీ దారంతో కుట్టేయండి.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి, తెర కూడా తెల్లగా, కొత్తదానిలా ఉంది. అయినా జ్వరాలు ఆగడం లేదు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. కడప జిల్లా మైదుకూరు వైపు కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద ఒక ఊరికి రెండేళ్ళు తిరిగాను. తప్పంతా కాలువదే అనుకుని నీటి గుంతలన్నీ వెతికాను. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వెళ్తే, మిద్దెల మీద దండేల నిండా దోమతెరలు ఎండుతున్నాయి. ఒక అక్కను అడిగితే, "దుమ్ము పడతాది కదా సార్, వారం వారం ఉతికేస్తాం" అంది. తప్పు ఆమెది కాదు. తెరలు పంచిన రోజు ఉతకడం గురించి మేం ఎవరం సరిగ్గా చెప్పలేదు.

మందు దోమతెరకు డెల్టామెత్రిన్ లాంటి మందును ఫ్యాక్టరీలోనే పట్టిస్తారు. తెర మీద వాలిన దోమను చంపేది ఆ మందే. అది దాదాపు 20 ఉతుకులకు, మామూలు వాడకంలో మూడేళ్ళకు సరిపోయేలా తయారవుతుంది. వారానికోసారి ఉతికితే 20 ఉతుకులు ఐదు నెలల్లోనే అయిపోతాయి. దానికి తోడు వాషింగ్ పౌడర్, సోడా, వేడినీళ్ళు, బండకేసి బాదడం. మన ఎండ సంగతి తెలిసిందే, మందును అదీ విరిచేస్తుంది. చివరికి మిగిలేది ఉత్త గుడ్డ. దానికి మోకాలు ఆనితే దోమ బయటి నుంచే కుట్టి, హాయిగా ఎగిరిపోతుంది.

మందు ఉందో పోయిందో కంటితో తెలియదు. అందుకే ఎన్నిసార్లు ఉతికారు, దేనితో ఉతికారు, ఎక్కడ ఆరేశారు అని అడగండి. మందు పోయిన తెర ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పి కొత్తది అడగండి. అది వచ్చేదాకా పాతదాన్ని పారేయకుండా, ఒంటికి తగలకుండా బాగా దోపి వాడండి. ఇకపై మూడు నాలుగు నెలలకోసారి చల్లటి నీళ్ళలో, మామూలు సబ్బుతో చేత్తో మెల్లగా ఉతికి నీడలో ఆరేయండి. కాలువలో, చెరువులో జాడించకండి, ఆ మందు చేపలను చంపుతుంది. ఉతికిన నీళ్ళు దూరంగా గుంత తీసి పోయండి. కొత్త తెర వాసనకు ముఖం మండుతోందని కొందరు మొదటిరోజే సోడాలో నానబెడతారు. అక్కర్లేదు, ఒక రోజంతా నీడలో ఆరేస్తే చాలు.

ఇంట్లో మగవాళ్ళకే జ్వరం వస్తుంటే, చెనిక్కాయ చేనికి అడవిపందుల కాపలాకు ఎవరు వెళ్తున్నారో, రాత్రి కరెంటుకు మోటారు దగ్గర ఎవరు పడుకుంటున్నారో కనుక్కోండి. చేలోని మంచానికి నాలుగు కర్రలు కట్టి, తెరను అక్కడికీ తీసుకెళ్ళాలి.

దోమలు మందుకు అలవాటు పడటం ఉన్నదే, కానీ ఉతుకుడు సంగతి తేలకముందే దాని జోలికి వెళ్ళకండి. పగలు కుట్టే డెంగీ దోమ వేరు, దానికీ ఈ జ్వరానికీ సంబంధం లేదు.

ఒకే మనిషికి కొన్ని నెలలకు జ్వరం తిరగబెడితే తప్పు తెరది కాకపోవచ్చు. మలేరియాలో వైవాక్స్ అనే రకం క్రిమి కాలేయంలో దాక్కుని మళ్ళీ లేస్తుంది. దాన్ని అక్కడి నుంచి తుడిచిపెట్టడానికే 14 రోజుల ప్రైమాక్విన్ మాత్రలు ఇస్తారు. జ్వరం తగ్గగానే ఆ మాత్రలు మానేసేవాళ్ళు ఎక్కువ. మళ్ళీ రక్తపరీక్ష చేయించండి, పోయినసారి ఇచ్చిన మాత్రల్లో ఎన్ని మిగిలాయో తీసి చూపించమనండి.