తుపాను పేరు: ఎప్పుడు పెడతారు, తర్వాతిది ఏది, పాతది మళ్లీ వస్తుందా

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే విశాఖలో అందరూ అడిగేది ‘పేరేంటి?’ అనే. అల్పపీడనానికి, వాయుగుండానికి, తీవ్ర వాయుగుండానికి కూడా పేరుండదు. గాలి గంటకు 62 కిలోమీటర్లకు, అంటే 34 నాట్లకు చేరితేనే తుపాను. పేరు అప్పుడే.

బులెటిన్‌లో ‘గంటకు 50–60 కి.మీ., అప్పుడప్పుడు 70 కి.మీ.’ అని ఉంటే చాలామంది 70 చూసి తుపాను వచ్చేసిందనుకుంటారు. ఆ 70 విసురుగాలి వేగం, లెక్కలోకి రాదు. చూడాల్సింది ముందున్న అంకెలు, అవి మూడు నిమిషాల సగటు. అలాగని పేరు రాలేదు కదా అని వేటకు బయల్దేరకండి. తీవ్ర వాయుగుండం పడవను తిరగేయగలదు.

పేరు ప్రకటించేది ఢిల్లీలోని వాతావరణ శాఖ. 2020 ఏప్రిల్‌లో వచ్చిన జాబితాలో 13 దేశాలు, ఒక్కో దేశానివి 13 చొప్పున 169 పేర్లు. ఒక్కో వరుసలో దేశానికి ఒక్క పేరు, దేశాలు ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఉంటాయి: బంగ్లాదేశ్, భారత్, ఇరాన్, మాల్దీవులు, మయన్మార్, ఒమన్, పాకిస్థాన్, ఖతార్, సౌదీ అరేబియా, శ్రీలంక, థాయ్‌లాండ్, యూఏఈ, యెమెన్. కిందటి తుపాను పేరు ఏ దేశానిదో చూస్తే తర్వాతి వంతు తెలిసిపోతుంది. 2025లో మొంథా థాయ్‌లాండ్‌ది, సెన్‌యార్ యూఏఈది, దిత్వా యెమెన్‌ది. దాంతో రెండో వరుస అయిపోయింది. మూడోది బంగ్లాదేశ్ ఇచ్చిన అర్నబ్‌తో మొదలు, దాని వెనకాల మన మురసు. అరేబియా సముద్రానికీ ఇదే జాబితా కాబట్టి అటువైపు ఒకటి పుడితే ఇక్కడ ఒక పేరు తగ్గుతుంది. ఏడాది మారినా వరుస మొదటికి రాదు.

అట్లాంటిక్‌లో అలా కాదు. అక్కడ ఆరు జాబితాలు తిరుగుతుంటాయి, అదే పేరు ఆరేళ్లకు మళ్లీ వస్తుంది. అందుకే ఘోరం చేసిన హరికేన్ పేరును ప్రపంచ వాతావరణ సంస్థ కమిటీ తీసేస్తుంది. 2005 నాటి కత్రినా స్థానంలో కతియా వచ్చింది అలాగే. మన దగ్గర చిన్న తుపానైనా, పెద్దదైనా పేరు ఒక్కసారే. 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్ పేరును ఎవరూ ప్రత్యేకంగా తొలగించాల్సిన పని లేకపోయింది.

ఒకే తుపాను రెండు పేర్లతో కనిపిస్తే కంగారు పడొద్దు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ నేల మీద అల్పపీడనంగా సన్నగిల్లి, అరేబియా సముద్రంలో మళ్లీ బలపడింది. అప్పుడు దాని పేరు షహీన్.